బైపోలార్ ఉన్నవారు తగిన థెరపిస్టును వెతుక్కోవడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఒక మార్గదర్శిని

కొంతకాలం హద్దు లేని హుషారు (మానియా), కొంతకాలం తీవ్రమైన కుంగుబాటు (డిప్రెషన్) వచ్చే మానసిక జబ్బు బైపోలార్ డిజార్డర్. అది ఉందని తేలిన తరువాత డాక్టరు రెండు పనులు చెబుతారు. మొదటిది రాసిచ్చిన మందులు మానకుండా వాడటం, రెండోది వీలు చూసుకుని ఒక మంచి థెరపిస్టు దగ్గరకు వెళ్తూ ఉండటం. మొదటి పనికి చీటీ చేతిలో ఉంటుంది, మందుల షాపు ఆసుపత్రి ఎదురుగానే ఉంటుంది. రెండో పని దగ్గరకు వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు చాలామంది ఆగిపోతారు. హైదరాబాదులో ఉన్నవారికి ఇంతమందిలో ఎవరిని ఎంచుకోవాలన్నది సమస్య అయితే, మనకు అసలు ఎవరు దొరుకుతారన్నదే సమస్య. దొరికినవారే చాలనుకుని వెళ్ళి, ఆ వ్యక్తికి బైపోలార్ గురించి అంతగా తెలియకపోవడం వల్ల నష్టపోయేవారు కూడా ఉంటారు.

అందువల్ల అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. బైపోలార్ ఉన్నవారు థెరపిస్టును విడిగా ఎంచుకోకూడదు. మందులు చూసే డాక్టరు, మాటలతో సాయం చేసే థెరపిస్టు, ఈ ఇద్దరూ ఒకరి పని ఒకరికి తెలిసేలా నడిచే ఏర్పాటు చేసుకోవాలి. మన ప్రాంతంలో ఆ ఇద్దరిలో ఒకరు దగ్గరలోనూ, మరొకరు విశాఖలోనో ఫోన్ తెరమీదనో ఉండటం మామూలే. ఇద్దరూ ఒకే చోట ఉండాలని పట్టుబట్టనవసరం లేదు గానీ, ఇద్దరికీ మధ్య మాట నడవాలని మాత్రం గట్టిగా పట్టుబట్టాలి.

మొదట చూసుకోవలసినది: ఇది వెతికే సమయమేనా?

మనసు నిలకడగా ఉన్న రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టండి. మానియాలో ఉన్నప్పుడు థెరపిస్టు అక్కరలేదనైనా అనిపిస్తుంది, లేకపోతే ఒకే రోజున నలుగురికి ఫోన్ చేసి నలుగురికీ ముందస్తు ఫీజు పంపించాలనైనా అనిపిస్తుంది. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఒక నంబరు నొక్కి రెండు ముక్కలు మాట్లాడటమే భారమవుతుంది. ఆ స్థితిలో ఉంటే ఫోన్లు చేసే పని మీరు నమ్మే ఒక మనిషికి, అన్నకో వదినకో స్నేహితురాలికో, అప్పగించండి.

రెండు మూడు రాత్రులుగా సరైన నిద్ర లేకపోయినా అలసట తెలియకపోవడం, అప్పు చేసి మరీ డబ్బు విసిరేయడం, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, చనిపోవాలన్న ఆలోచన రావడం, వీటిలో ఏది ఉన్నా అది థెరపిస్టును వెతికే సమయం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళవలసిన సమయం. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఏం చేయాలో తోచని రాత్రివేళ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు, అంటే 14416 నంబరుకు, ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పల్లెల్లో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం: పొలానికి కొట్టే పురుగుమందులు, ఎక్కువ మొత్తంలో ఉన్న మాత్రలు ఇంట్లో ఉంటే, ఆ కష్టం గడిచేవరకు వాటిని వేరొకరి ఇంటికి తరలించమని ఇంటివారికి చెప్పండి.

డాక్టరును ముందు స్థిరపరచుకోండి

థెరపీ మందులకు తోడుగా నడుస్తుంది, మందుల బదులుగా నడవదు. కాబట్టి మానసిక వైద్యులు, అంటే ఎంబీబీఎస్ తరువాత సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసినవారు, మీ రోగనిర్ధారణను ఖాయం చేసి మందులు మొదలుపెట్టి ఉండాలి. వైద్య కళాశాలలకు అనుబంధమైన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. శ్రీకాకుళంలో రిమ్స్‌గా అందరూ పిలుచుకునే సర్వజన ఆసుపత్రి, రాగోలులోని జెమ్స్, నెల్లిమర్లలోని మిమ్స్, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఆ కోవలోకి వస్తాయి. ఇంకా పెద్ద అవసరం ఉంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆసుపత్రికి ఉన్న పాత పేరు వల్ల చాలామంది గేటు దగ్గరి నుంచే వెనక్కి వస్తారు. నా ఉద్దేశంలో ఆ పేరుకు జడిసి చికిత్స వాయిదా వేసుకోవడం కంటే పెద్ద నష్టం లేదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు వారికి విశాఖ కంటే ఒడిశాలోని బరంపురం దగ్గర కాబట్టి అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళడం సులువు, కాకపోతే అక్కడ మీ మాట అర్థమయ్యే డాక్టరు ఏ రోజుల్లో కూర్చుంటారో ముందుగా కనుక్కోండి.

ఈ దశలో డాక్టరుకు తప్పక చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. బైపోలార్ ఉన్నవారు చాలామంది మొదట డిప్రెషన్‌తోనే డాక్టరు దగ్గరకు వెళ్తారు, హుషారుగా ఉన్న రోజులను జబ్బుగా ఎవరూ చెప్పుకోరు. అప్పుడు మనసును నిలకడగా ఉంచే మూడ్ స్టెబిలైజర్ మందు తోడు లేకుండా డిప్రెషన్ మాత్రలు మాత్రమే రాస్తే, కొందరిలో అవి మానియాకు దారితీస్తాయి. కాబట్టి నిద్ర లేకుండా ఉత్సాహంగా గడిచిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా, తల్లిదండ్రులలో, తోబుట్టువులలో ఎవరికైనా ఇటువంటి జబ్బు ఉందా అన్నది ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.

ఉద్దానం వారికి ఇంకొక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కారణం ఇంకా స్పష్టంగా తేలని కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో వేరే చెప్పనవసరం లేదు. బైపోలార్‌కు ఎంతో కాలంగా వాడుతున్న మంచి మందు లిథియం మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది కాబట్టి, దానిని మొదలుపెట్టే ముందు, ఆ తరువాత కూడా క్రమం తప్పకుండా, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. రక్తంలో లిథియం ఎంత ఉందో తెలుసుకునే పరీక్షకు చివరి మోతాదు వేసుకున్న 12 గంటల తరువాత రక్తం ఇవ్వాలి. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ వల్ల ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్ళునొప్పులకు ఊళ్ళో వేయించుకునే డైక్లోఫెనాక్ వంటి ఇంజక్షన్ల వల్లా లిథియం రక్తంలో ప్రమాదకరంగా పెరగవచ్చు. గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలకు వాల్‌ప్రోయేట్ రాస్తే, దానివల్ల కడుపులో బిడ్డకు హాని జరిగే అవకాశం ఎక్కువ కాబట్టి, వేరే మందు గురించి డాక్టరును నేరుగా అడగాలి. మందులు రాయడం థెరపిస్టు పని కాకపోయినా, ఈ సంగతులు తెలిసిన థెరపిస్టు అయితే మీరు చెయ్యి వణుకుతోందనో నీళ్ళ విరేచనాలనో చెప్పగానే, లిథియం పెరిగిందేమోనని ఆ సెషన్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళమంటారు.

బోర్డు మీద ఉన్నదంతా అర్హత కాదు

థెరపీ చేసేవారిలో క్లినికల్ సైకాలజిస్టులకు చట్టబద్ధమైన నమోదు ఉంది. క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్, సైడీ వంటి గుర్తింపు పొందిన చదువు పూర్తిచేసి, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకున్నవారికి ఒక సీఆర్‌ఆర్ నంబరు ఉంటుంది. ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. నిజంగా ఉన్నవారు వెంటనే చెబుతారు, చాలామంది దానిని చీటీ మీదనే అచ్చు వేయించుకుంటారు. పెద్ద ఆసుపత్రులలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా ఉంటారు. కుటుంబంతో మాట్లాడే విషయంలో వీరి శిక్షణ ఎంతో పనికొస్తుంది, కాబట్టి వారిని తక్కువగా చూడకండి.

సైకాలజీలో ఎంఏ, ఎమ్మెస్సీ చేసి కౌన్సెలింగ్ చేస్తున్నవారు మన పట్టణాలలో ఎక్కువగా కనిపిస్తారు. వారిలో మంచివారు ఉన్నారు, పరీక్షల భయానికీ ఇంటి గొడవలకూ వారి సాయం చాలు. కానీ బైపోలార్‌కు అంతకంటే ప్రత్యేకమైన అనుభవం కావాలి. కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సుతో బోర్డు పెట్టినవారిని, హిప్నాటిజంతో మూడు సిట్టింగులలో నయం చేస్తామనేవారిని, మందులు మెదడును పాడుచేస్తాయి కాబట్టి మానేయమనేవారిని ఆ మాట అన్నచోటే వదిలేయండి. మందులు మానేయమని చెప్పే థెరపిస్టు ఎంత తియ్యగా మాట్లాడినా బైపోలార్ ఉన్న మనిషికి పనికిరారు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయన్నదానికి నేనైతే మొదట మీ మానసిక వైద్యులనే అడగమంటాను. "మీరు పంపిన పేషెంట్లు ఎవరి దగ్గర కుదురుగా ఉన్నారు?" అని అడిగితే వచ్చే ఒకటి రెండు పేర్లు, ఇంటర్నెట్‌లో స్టార్ రేటింగుల లెక్కన వచ్చే పేర్ల కంటే మేలు. ఆ తరువాత వైద్య కళాశాలల మానసిక విభాగాలలో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది దగ్గర, టెలీ మానస్ వారి దగ్గర అడగండి.

ఒక కాగితం సిద్ధం చేసుకోండి

ఫోన్ చేసే ముందు ఒక తెల్లకాగితం మీద మీ జబ్బు కథను సంవత్సరాల వారీగా రాసుకోండి. ప్రతి కొత్త మనిషి దగ్గరా మొదటి నుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది, పైగా ఆ కాగితాన్ని ఎదుటివారు ఎలా చదువుతారన్నదే వారికి మొదటి పరీక్ష అవుతుంది. పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేసే ఒక యువకుడి కాగితం ఇలా ఉంటుందనుకోండి:

"2021 దసరా తరువాత పదిహేను రోజులు నైట్ షిఫ్టులు. రోజుకు మూడు గంటల నిద్ర, అయినా అలుపు లేదు. బావ దగ్గర అప్పు తీసుకుని బండి కొన్నాను. సూపర్‌వైజరుతో గొడవపడి పని మానేశాను. అప్పుడు డాక్టరుకు చూపించలేదు. 2022 సంక్రాంతికి మంచం దిగలేదు, పండక్కి వచ్చిన అక్క ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డిప్రెషన్ మాత్రలు ఇచ్చారు. నెల తిరక్కుండా మళ్ళీ నిద్ర కరువైంది, మాటలు ఎక్కువయ్యాయి. అప్పుడు బైపోలార్ అన్నారు. ఇప్పుడు లిథియం, రాత్రి క్వెటియాపిన్. వేసవిలో రెండు నెలలు మానేశాను, మళ్ళీ వచ్చింది."

ఇంత చాలు, పెద్ద భాష అక్కరలేదు. కింద ఇప్పటి మందుల పేర్లు, మోతాదులు, డాక్టరు పేరు, ఫోన్ నంబరు రాయండి. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో ఒక అంకె వేయడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. నెల నిండాక ఆ పేజీని ఫోటో తీసి థెరపిస్టుకు పంపితే, ఎంత చెప్పినా తెలియని సంగతి దానిలో తెలుస్తుంది.

ఫోన్‌లో అడగవలసిన మాటలు

మొదటి అపాయింట్‌మెంట్‌కు ముందు పది నిమిషాలు మాట్లాడటానికి చాలామంది థెరపిస్టులు ఒప్పుకుంటారు. కొందరు ఒప్పుకోరు, అదేమీ తప్పు కాదు, అటువంటప్పుడు మొదటి సెషన్‌లోనే ఈ ప్రశ్నలు అడగండి.

"మేడమ్, నాకు బైపోలార్ ఉంది, శ్రీకాకుళంలో డాక్టరు గారి దగ్గర మందులు వాడుతున్నాను. మీ దగ్గరకు ఇటువంటివారు ఇంతకు ముందు వచ్చారా?" అని మొదలుపెట్టండి. వచ్చారని చెబితే, వారితో ఏ పద్ధతిలో పనిచేశారని అడగండి. జవాబులో నిద్ర, దినచర్య, జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు, మందులు మానకుండా ఉండటం, కుటుంబం అన్న మాటలు రావాలి. "పాజిటివ్‌గా ఆలోచించడం నేర్పుతాను", "మీ విల్‌పవర్ పెంచుతాను" అన్నవి మాత్రమే వస్తే, ఆ మనిషి మంచివారే కావచ్చు గానీ మీ జబ్బుకు తగినవారు కారు.

రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం: "నేను బాగా హుషారుగా, చాలా బాగున్నానని చెబుతూ వస్తే మీరేం చేస్తారు?" డిప్రెషన్‌ను గుర్తించడం అందరికీ వస్తుంది, ఏడుస్తున్న మనిషిని చూసి ఓదార్చనివారు ఉండరు. పొంగు, అంటే మానియా, మొదలవుతున్న మనిషి మాత్రం చక్కగా మాట్లాడతాడు, నవ్విస్తాడు, కొత్త వ్యాపారం గురించి చెబుతాడు, థెరపీ వల్లే ఇంత బాగున్నానంటాడు. అనుభవం లేని థెరపిస్టు దానిని తన విజయంగా తీసుకుని సంతోషిస్తారు. తెలిసినవారు మాత్రం, "ఎన్ని గంటలు పడుకుంటున్నారు? ఈ వారం ఎంత ఖర్చుపెట్టారు? ఇంట్లో వాళ్ళేమంటున్నారు? డాక్టరు గారికి చెప్పారా?" అని అడుగుతారు. మీ హుషారు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగని థెరపిస్టు బైపోలార్ ఉన్నవారికి సరిపడరన్నది నా నిశ్చితాభిప్రాయం.

మూడోది, "నా అనుమతితో మా డాక్టరు గారితో మాట్లాడతారా?" అన్నది. దీనికి అవునన్న జవాబే రావాలి. ఎప్పుడు, ఎలా మాట్లాడతారన్నది కూడా తేలాలి, ఫోన్‌లోనా, వాట్సాప్‌లో ఒక చిన్న నోటు పంపుతారా, అపాయం కనిపిస్తే వెంటనే చెబుతారా అని. డాక్టరు వైపు నుంచి కూడా ఇదే అడగాలి, కొందరు డాక్టర్లకు థెరపీ మీద అంత గురి ఉండదు, అయినా ఫోన్ వస్తే మాట్లాడతారు.

ఇక సెషన్‌కు ఎంత తీసుకుంటారు, ఎంతసేపు ఉంటుంది, రాలేకపోతే ఫీజు తిరిగి ఇస్తారా, రెండు సెషన్ల మధ్యలో ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి మొహమాటం లేకుండా అడగండి. డబ్బు మాట ముందే తేలకపోతే మూడో నెలలో మొహం చాటేసే పరిస్థితి వస్తుంది.

ఏ పద్ధతి మంచిదని తెలుసుకోవాలా?

కొంత తెలుసుకుంటే మంచిదే. బైపోలార్‌లో పనికొస్తాయని పరిశోధనల్లో తేలినవి నాలుగు: జబ్బు గురించి రోగికీ కుటుంబానికీ క్రమపద్ధతిలో నేర్పించే సైకోఎడ్యుకేషన్, కుటుంబాన్ని కూర్చోబెట్టి చేసే ఫ్యామిలీ ఫోకస్డ్ థెరపీ, ఆలోచనలూ అలవాట్ల మీద పనిచేసే సీబీటీ, రోజువారీ వేళలను క్రమబద్ధం చేసే సోషల్ రిథమ్ థెరపీ. అమెరికాలో 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో బైపోలార్ డిప్రెషన్‌లో ఉండి మందులు వాడుతున్న 293 మందిని తీసుకుని, కొందరికి వీటిలో చివరి మూడు పద్ధతులలో ఏదో ఒకటి తొమ్మిది నెలల్లో 30 సెషన్ల వరకు ఇచ్చారు, మిగిలినవారికి మూడు సెషన్ల క్లుప్తమైన బోధన మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కోలుకున్నవారు మొదటి వర్గంలో సుమారు 64 శాతం, రెండో వర్గంలో సుమారు 52 శాతం.

మన ప్రాంతపు జీవితానికి వీటిలో వేళల క్రమం బాగా వర్తిస్తుంది. బైపోలార్‌లో నిద్ర చెడిపోవడం మానియాకు గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా అవుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి తొలేళ్ళ రాత్రి జాగారం చేసి మర్నాడు సిరిమానుకు నిలబడటం, తెల్లవారుజాము ముహూర్తపు పెళ్ళిళ్ళు, నెలకోసారి మారే నైట్ షిఫ్టులు, రాత్రంతా రైల్లో కూర్చుని హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్ళడం, ఇవన్నీ ఆరోగ్యవంతులకు ఒక్కరోజు అలసటతో పోతాయి, బైపోలార్ ఉన్నవారికి అక్కడే జబ్బు తిరగబెట్టవచ్చు. మంచి థెరపిస్టు "జాతరకు వెళ్ళకండి" అనరు. సిరిమాను చూడండి గానీ తొలేళ్ళ రాత్రి మాత్రం వేళకు మందు వేసుకుని పడుకోండి, ఆ వారంలో ఇంకే జాగారమూ పెట్టుకోకండి అని ముందుగా మీతో కలిసి ఏర్పాటు చేస్తారు. షిఫ్టుల విషయంలో కంపెనీకి చూపించేందుకు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలని కూడా వారే సూచిస్తారు. మీ ఊరి పండగలు, మీ పని వేళలు అడిగి తెలుసుకోని థెరపిస్టు దగ్గర ఈ పద్ధతి పేరు ఎంత గొప్పగా వినిపించినా ప్రయోజనం ఉండదు.

దూరం, గది, ఫోన్

ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ వెళ్ళి గంట మాట్లాడి రావడానికి ఒక రోజు పనిదినం పోతుంది. ప్రతి వారం అది సాగదు. మొదటి ఒకటి రెండు సార్లు నేరుగా కలిసి, ఆ తరువాత వీడియోలో కొనసాగించి, రెండు మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజునే థెరపిస్టును కూడా కలిసేలా కుదుర్చుకోవడం చాలామందికి నడిచే దారి. థెరపిస్టు తెలుగులో, వీలైతే మన మాట యాసకు అలవాటుపడినవారై ఉండాలి. మనసులో కష్టాన్ని ఇంగ్లీషులో వెతుక్కుంటూ చెబితే సగమే బయటకు వస్తుంది.

వీడియో సెషన్‌కు అసలు అడ్డంకి సిగ్నల్ కంటే గది. రెండు గదుల ఇంట్లో అత్తగారు వింటూ ఉండగా ఎవరూ అత్తగారి గురించి మాట్లాడలేరు. మేడ మీద, స్నేహితురాలి ఇంట్లో, పని అయిపోయాక షాపు షట్టరు దించుకుని, ఎక్కడైనా సరే, గంటసేపు ఎవరూ రాని చోటు ముందే చూసుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. సీతంపేట వంటి ఏజెన్సీ ఊళ్ళలో వీడియో ఆగిపోతుంటే మామూలు ఫోన్ కాల్‌కు మారతారా అని అడగండి. ఇక్కడి తీరం నుంచి గుజరాత్‌లోని వీరావల్‌కు వేటకు వెళ్ళేవారు బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడి, అన్ని నెలలకూ సరిపడా మందులు, రక్తపరీక్ష ఎక్కడ చేయించుకోవాలన్న ఏర్పాటు చూసుకోవాలి, థెరపీ తిరిగి వచ్చాక కొనసాగించవచ్చు.

మొదటి సెషన్లలో ఏం గమనించాలి?

మొదటి సెషన్‌లోనే తేలికపడాలని లేదు, నాలుగైదు సెషన్లు చూడండి. ఆ లోగా థెరపిస్టు మీ కాగితాన్ని చదివి ప్రశ్నలు వేసి ఉండాలి, ఆత్మహత్య ఆలోచనల గురించి తడబాటు లేకుండా నేరుగా అడిగి ఉండాలి, జబ్బు తిరగబెడుతుంటే మీలో మొదట ఏం మారుతుందో మీతో కలిసి రాసి ఉండాలి. మీ కులం, పెళ్ళి, సంతానం, జీతం గురించి కుతూహలంతో అడుగుతున్నారా, చికిత్స కోసం అడుగుతున్నారా అన్నది కూడా మీకు తెలిసిపోతుంది. గద్దిస్తున్నా, మీ ఇంటి సంగతి ఊళ్ళో మరొకరి దగ్గర దొర్లినా అక్కడికి మళ్ళీ వెళ్ళనవసరం లేదు. చిన్న ఊళ్ళలో థెరపిస్టు మీ బంధువుకు బంధువే అయి ఉండటం సాధారణం కాబట్టి, ఆ సంబంధం ఉందని తెలిస్తే ఇద్దరూ మొదటే దాని గురించి మాట్లాడుకోవాలి.

అయితే ఈ తీర్పులో ఒక చిక్కుంది. పొంగు మీద ఉన్నప్పుడు థెరపిస్టు మీ ఆనందాన్ని చూడలేని మనిషిలా కనిపిస్తారు, డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఎవరి దగ్గరకు వెళ్ళినా దండగనిపిస్తుంది. రెండూ జబ్బు మాట్లాడించే మాటలు కావచ్చు. అందుకని మొదటి నెలలోనే థెరపిస్టుతో ఒక ఒప్పందం చేసుకోండి: మానేయాలనిపిస్తే ఆ సంగతి చెప్పి, ఇంకొక్క సెషన్‌కు వచ్చి, క్యాలెండరులో నిద్ర అంకెలు ఇద్దరూ చూసి, ఆ తరువాతే నిర్ణయించుకుంటానని. ఆ అంకెలు ఆరు, ఏడు, ఏడుగా కుదురుగా ఉండి కూడా మీకు ఆయన నచ్చకపోతే మీ తీర్పు నిజమైనదే. అవి మూడు, నాలుగు, మూడుగా ఉంటే ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇంటివారు ఎంతవరకు?

కుటుంబం లేకుండా మన దగ్గర బైపోలార్ చికిత్స నడవదు, కుటుంబం మరీ ఎక్కువైనా నడవదు. థెరపిస్టుతో ఎవరు మాట్లాడవచ్చో మీరే ఒక మనిషిని చెప్పండి, అది భార్య కావచ్చు, మేనమామ కావచ్చు. ఏయే సంగతులు వారికి చెప్పవచ్చో కూడా తేల్చండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలను గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే దానికి మినహాయింపు ఉంది. జబ్బు ముదిరినప్పుడు మీ తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందుగా నియమించుకునే వీలునూ, ఏ చికిత్స కావాలో ఏది వద్దో రాసిపెట్టుకునే వీలునూ అదే చట్టం కల్పించింది. నిలకడగా ఉన్న రోజుల్లో థెరపిస్టు సాయంతో ఆ కాగితాలు రాసుకోవడం మంచిది.

పెద్దలు గాలి సోకిందనో, అమ్మవారు పూనిందనో అనుకుంటే వారితో తగువు పెట్టుకోకుండా నచ్చజెప్పగల థెరపిస్టు దొరకడం అదృష్టం. "అమ్మవారికి మొక్కుకోండి, తాయెత్తు కట్టండి, మాత్ర మాత్రం రాత్రి తొమ్మిదికి మానకండి" అని చెప్పినవారి మాటను బామ్మలు కూడా వింటారు. కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం ఉన్నచోట మాత్రం రాజీ లేదు. పెళ్ళి సంబంధాల విషయంలో జబ్బు దాచాలా, చెప్పాలా, ఎప్పుడు ఎలా చెప్పాలన్నది మన ఇళ్ళలో పెద్ద తగువు. దాని గురించి కనీసం రెండు సెషన్లు వెచ్చించే ఓపిక థెరపిస్టుకు ఉందో లేదో అడిగి చూడండి.

మార్చవలసి వస్తే

అంతా చూసుకున్నా కుదరకపోవచ్చు. చెప్పకుండా మానేయడం కంటే, చివరి సెషన్ ఒకటి అడిగి, ఇంతవరకు ఏం చేశారు, ఏ గుర్తులు కనిపించాయి అన్నది ఒక పేజీలో రాసిమ్మని కోరండి. మీ చికిత్స రికార్డు చూసుకునే హక్కు చట్టం మీకు ఇచ్చింది. కొత్తవారి దగ్గర తేదీ ఖాయమైన తరువాతే పాతవారికి సెలవు చెప్పండి. ఈ మార్పు జరిగే సమయంలో మందులు చూసే డాక్టరును మాత్రం మార్చకండి, ఇద్దరినీ ఒకేసారి మార్చితే మీ సంగతి తెలిసినవారు ఎవరూ మిగలరు. థెరపిస్టు మారుతున్నారని డాక్టరుకు చెప్పి, తరువాతి అపాయింట్‌మెంట్‌ను రెండు వారాలు ముందే ఇవ్వమని అడగండి, అప్పుడు పాత కాగితం వెనుక కొత్త థెరపిస్టు నంబరు రాసి ఒక జిరాక్సు డాక్టరుకు, ఒకటి ఇంట్లో మీరు ఎంచుకున్న మనిషికి ఇవ్వండి.